మొక్కల పదార్థాలు యాంటీబయోటిక్‌కు బదులా, తోడా?

రాజాం దగ్గరి మీ ఊరి నుంచి మీరు రాసిన ప్రశ్నను, దానికి జతచేసిన రిపోర్టును శ్రద్ధగా చదివాను. మీ అమ్మగారికి అరవై దాటాయి, చాలాకాలంగా షుగరు ఉంది, ఏడాది తిరగకుండానే మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోంది. శ్రీకాకుళంలో చేయించిన యూరిన్ కల్చర్‌లో ఈ. కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. సగానికి పైగా మందుల ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకు లొంగదు) అని, కింద ‘ఈఎస్‌బీఎల్’ అని రాసి ఉంది. ఇక ఈ మందులు పనిచేయవు కాబట్టి నేలవేము, తిప్పతీగ, పసుపు కలిపి కషాయం పట్టమని బంధువులు చెబుతున్నారు. మొక్కల్లోని పదార్థాలు మొండి బ్యాక్టీరియాను లొంగదీస్తున్నాయన్న వార్తను మీరు కూడా చదివారు. విజయనగరంలో ఎమ్మెస్సీ చదువుతున్న మీ చెల్లెలు ఇదే అంశం మీద ప్రాజెక్టు చేయాలనుకుంటోంది. మందు ఆపి కషాయం ఇవ్వవచ్చా, ఆ వార్తలో నిజమెంత, మీ చెల్లెలు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీరు అడిగిన మూడు సంగతులు.

మొదటి దానికి సమాధానం వెంటనే చెప్పాలి: మందు ఆపి కషాయం ఇవ్వకండి. వార్తలో నిజం ఉంది, అయితే ఆ నిజం మీరు అనుకున్న చోట లేదు. మందులకు లొంగని బ్యాక్టీరియా విషయంలో మొక్కల పదార్థాల అసలు బలం అవి స్వయంగా బ్యాక్టీరియాను చంపడంలో లేదు. బ్యాక్టీరియా తనను కాపాడుకోవడానికి వాడే ఆయుధాన్ని మొద్దుబార్చి, యాంటీబయోటిక్‌ను తిరిగి పనిచేయించడంలో ఉంది. అంటే వాటిని యాంటీబయోటిక్‌కు తోడుగా చూడాలి, బదులుగా కాదు. ఈ తేడా పట్టుబడకపోవడం వల్లనే ఇళ్లలో ప్రమాదాలు జరుగుతున్నాయి, కళాశాలల్లో పనికిరాని ప్రాజెక్టులు పుట్టుకొస్తున్నాయి.

ముందు ఆ ‘ఆర్’ సంగతి చూద్దాం. ‘ఆర్’ అని ఉంటే అమ్మగారి ఒంటికి మందు అలవాటైపోయిందని చాలామంది అనుకుంటారు. అలవాటు పడింది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అది మందును తట్టుకోవడానికి ప్రధానంగా నాలుగు దారులు పడుతుంది: ఎంజైముతో మందు అణువును విరగ్గొట్టడం, లోపలికి చొరబడిన మందును పొరలోని పంపులతో బయటికి తోడేయడం, మందు వచ్చి అతుక్కోవలసిన చోటు ఆకారాన్ని మార్చుకోవడం, మందు వచ్చే ద్వారాలను మూసుకోవడం. ఈ నేర్పులను మోసే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద ఉంటాయి కాబట్టి, ఒక బ్యాక్టీరియా నుంచి పక్కనున్న మరో జాతి బ్యాక్టీరియాకు కూడా సులువుగా వెళ్లిపోతాయి. వైరస్ జ్వరానికి యాంటీబయోటిక్ సూది వేయడం, మెడికల్ షాపులో నాలుగు మాత్రలు విడిగా కొని రెండు వేసుకుని మానేయడం, కోళ్లఫారాల్లో, రొయ్యల చెరువుల్లో మందులు కలపడం, ఇవన్నీ ఆ జన్యువులున్న బ్యాక్టీరియాను ఏరి మరీ పెంచుతాయి. ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకుండా మన దేశంలో 2019లో నిషేధించవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అదే 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లే నేరుగా కారణమై ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించారని అంతర్జాతీయ అంచనా.

మీ అమ్మగారి రిపోర్టులోని ఈఎస్‌బీఎల్ పైన చెప్పిన మొదటి దారికి చెందినది, అంటే మందును విరగ్గొట్టే ఒక ఎంజైము. ఈ ఎంజైము ఉన్న ఈ. కోలై పెన్సిలిన్లనే కాక సెఫోటాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులను కూడా విరగ్గొట్టేస్తుంది. దీన్ని నిర్ధారించే పాత పరీక్ష ఒకటి ఉంది. మీ ప్రశ్నకు సమాధానమంతా ఆ ప్లేటు మీద కంటికి కనిపిస్తుంది కనుక దాన్ని కాస్త వివరంగా చెబుతాను. అగార్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జిగురు పదార్థం పోసిన పళ్లెం) నిండా రోగి నుంచి వచ్చిన బ్యాక్టీరియాను దూదిపుల్లతో పలచగా పరుస్తాం. మధ్యలో అమోక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసి ఉన్న డిస్కును (మందు ఇంకించిన చిన్న కాగితపు బిళ్లను), దానికి రెండు సెంటీమీటర్ల దూరంలో సెఫోటాక్సిమ్ డిస్కును ఉంచి, రాత్రంతా ఇంక్యుబేటరులో పెడతాం. తెల్లవారి చూస్తే సెఫోటాక్సిమ్ డిస్కుకు అవతలి పక్కన బ్యాక్టీరియా దాదాపు డిస్కు అంచు దాకా పెరిగి ఉంటుంది, మందు ఓడిపోయిందన్నమాట. అదే డిస్కుకు క్లావులానిక్ ఆమ్లం వైపున్న భాగంలో మాత్రం బ్యాక్టీరియా పెరగని ఖాళీ సాగి, తాళం రంధ్రం ఆకారంలో స్పష్టంగా ఏర్పడుతుంది. క్లావులానిక్ ఆమ్లానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి చాలా తక్కువ. అది చేసేదల్లా ఆ ఎంజైముకు తగులుకుని దాన్ని పనిచేయకుండా చేయడమే. దాంతో పక్కనున్న సెఫోటాక్సిమ్ అదే బ్యాక్టీరియాను చంపగలుగుతుంది. ఈ క్లావులానిక్ ఆమ్లం మొక్కది కాదు, స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనే మట్టిలోని సూక్ష్మజీవి తయారుచేసేది. అమోక్సిసిలిన్‌తో కలిపి 1981 నుంచి మాత్రల రూపంలో అమ్మకంలో ఉంది. నిరోధకతను, అంటే మందును తట్టుకునే గుణాన్ని, విరిచే తోడు మందు అన్న ఆలోచన ఊహ కాదని, కోట్లమంది రోగుల్లో రుజువైందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. (ప్లేటు మీద ఖాళీ కనిపించింది కదా అని ఈఎస్‌బీఎల్ ఇన్ఫెక్షన్‌కు ఆ మాత్ర సొంతంగా వాడకండి, శరీరంలో అది నమ్మకంగా పనిచేస్తుందని చెప్పలేం.)

ఇలాంటి తోడు పదార్థాలు మొక్కల్లోనూ ఉన్నాయా అని వెతికినవారికి దొరికిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది బెర్బెరిన్ కథ. బెర్బెరిన్ పసుపు రంగులో ఉండే ఆల్కలాయిడ్. మానుపసుపులో, దారుహరిద్రలో దండిగా, మన తిప్పతీగలో కొద్దిగా ఉంటుంది. బ్యాక్టీరియాను చంపగల అణువే అయినా, చీముగడ్డలకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ ఆరియస్ మీద దాని ప్రభావం నిరాశ కలిగించేంత తక్కువ. కారణం ఏమిటంటే, ఆ బ్యాక్టీరియా పొరలో ఉన్న నోర్‌ఏ అనే పంపు బెర్బెరిన్‌ను వచ్చినది వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులను తోడేసేది కూడా ఇదే పంపు. మరి ఆ మొక్క ఎలా తట్టుకుంటోంది? అమెరికాలో దారుహరిద్ర కుటుంబానికే చెందిన ఒక మొక్కను పరిశీలించిన శాస్త్రవేత్తలు ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్‌ల బృందం 2000లో దీనికి సమాధానం ప్రకటించింది. ఆ మొక్క బెర్బెరిన్‌తో పాటు మెథాక్సీహిడ్నోకార్పిన్ అనే మరో పదార్థాన్ని కూడా తయారుచేసుకుంటోంది. దానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే గుణం లేదు, నోర్‌ఏ పంపును మాత్రం ఆపుతుంది. పంపు ఆగితే బెర్బెరిన్ లోపల పోగుపడి తన పని చేస్తుంది. అంటే మనుషులు ఈ సూత్రాన్ని కనిపెట్టకముందే మొక్క మందునూ, తోడునూ కలిపి వాడుతోంది. ఈ రెండో పదార్థం అంతకుముందు చాల్‌మోగ్రా నూనెలో స్వల్పంగా ఉన్నట్టు గుర్తించినదే. అది కుష్ఠువ్యాధికి తరతరాలుగా వాడిన నూనె. ఆ గింజలను మనవైపు అడవిబాదం, నీరడి విత్తులు అంటారు.

ఇంతవరకు చదివితే ఉత్సాహం కలుగుతుంది. అయితే ఆ ప్రకటన వెలువడి పాతికేళ్లు దాటినా, బ్యాక్టీరియా పంపును ఆపే మందు ఒక్కటి కూడా ఆసుపత్రి వాడకానికి ఆమోదం పొందలేదు. సర్పగంధ నుంచి తీసే రిసర్పిన్ కూడా నోర్‌ఏ పంపును చక్కగా ఆపుతుంది, ల్యాబులో ఆ పంపును పరీక్షించడానికి దాన్ని వాడతారు కూడా. కానీ పంపును ఆపడానికి కావలసినంత మోతాదు మనిషికి ఇస్తే రక్తపోటు పడిపోవడం, మెదడు మీద దుష్ప్రభావం చూపడం ఖాయం. రోగికి హాని లేకుండా ఆ గాఢతను అందుకోవడం సాధ్యం కాదు. మిరియాల్లో, పిప్పళ్లలో ఉండే పైపెరిన్ మీద జమ్మూలోని మన సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) ప్రయోగశాల మంచి పని చేసింది. స్టెఫైలోకాకస్ మీద సిప్రోఫ్లాక్సాసిన్‌కు పైపెరిన్ తోడైతే తక్కువ మందే సరిపోతోందని 2006లో అక్కడి వారు చూపించారు. అదే పైపెరిన్‌ను క్షయ మందు రిఫాంపిసిన్‌తో కలిపి 2009లో రిసోరిన్ అనే మాత్రగా మార్కెట్లోకి తెచ్చారు. 450 మిల్లీగ్రాములకు బదులు 200 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్, దానితో 10 మిల్లీగ్రాముల పైపెరిన్ ఉంటాయి. అయితే ఇక్కడ పైపెరిన్ చేసే పని వేరు. అది బ్యాక్టీరియా నిరోధకతను విరవడం లేదు, పేగుల నుంచి రక్తంలోకి మందు ఎక్కువ చేరేటట్టు చేస్తోంది. దీన్ని చూసి క్షయ రోగులు మిరియాల కషాయం తాగి ప్రభుత్వం ఇచ్చే మాత్రలు తగ్గించుకుంటే అంతకంటే పెద్ద ముప్పు లేదు.

మరో సంగతి గమనించండి. బెర్బెరిన్, రిసర్పిన్, పైపెరిన్ కథలన్నీ స్టెఫైలోకాకస్‌వి. మీ అమ్మగారికి ఉన్నది ఈ. కోలై. ఇది గ్రామ్ నెగెటివ్ జాతి. దీనికి కణగోడ బయట ఇంకొక పొర ఉంటుంది, దానికి తోడు లోపలి పొర నుంచి బయటి పొర దాకా పరుచుకుని ఉండే ఏసీఆర్‌ఏబీ అనే శక్తిమంతమైన పంపు ఉంటుంది. నూనెలో కరిగే స్వభావం గల మొక్కల పదార్థాల్లో అధికభాగం ఈ రెండింటినీ దాటలేవు. ప్రయోగశాలలో ఆ పంపును పాడుచేస్తే అవే పదార్థాలు బాగా పనిచేస్తాయని 2002లో లూయిస్ బృందమే చూపించింది. శాస్త్రానికి అది ఎంతో విలువైన సమాచారం. రోగి శరీరంలో మాత్రం ఆ పంపు పాడై ఉండదు కదా.

ఇక మోతాదు లెక్కకు వద్దాం, ఎందుకంటే వార్తలు దాటవేసేది దీన్నే. మంచి యాంటీబయోటిక్ ఒకటి మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము, కొన్నిసార్లు అంతకంటే తక్కువ గాఢతలోనే బ్యాక్టీరియా పెరుగుదలను ఆపుతుంది. మొక్కల నుంచి తీసిన శుద్ధమైన పదార్థాలకు కూడా చాలాసార్లు వందల మైక్రోగ్రాములు కావాలి. పసుపులోని కర్క్యుమిన్‌నే తీసుకోండి. బ్యాక్టీరియా మీద పనిచేయడానికి సాధారణంగా దానికి మిల్లీలీటరుకు వంద మైక్రోగ్రాములకు పైన అవసరమవుతుంది. మనుషులకు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ ఇచ్చి రక్తం పరీక్షించినప్పుడు సగటున మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా కనిపించలేదు. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే కాబట్టి, ఆ 8 గ్రాముల కోసమే రోజుకు పావుకిలో పైచిలుకు పసుపు మింగాలి. అంత మింగినా రక్తంలో చేరేది అవసరమైన దానిలో వందో వంతు కూడా ఉండదు. పుండు మీద నేరుగా వేసే పూతగానో, దంతవైద్యంలోనో దీనికి చోటు ఉండవచ్చునని నేను కూడా నమ్ముతాను. అక్కడ గాఢత మన చేతిలో ఉంటుంది. మూత్రాశయంలోని ఈ. కోలై దాకా మాత్రం పాలల్లో కలిపి తాగిన పసుపు చేరదు.

మనుషుల మీద సక్రమంగా పరీక్షించినవి అసలు లేవా అంటే, ఉన్నాయి, అవే మీ అమ్మగారి సమస్యకు దగ్గరివి. క్రాన్‌బెర్రీ పండులోని ప్రొయాంథోసయనిడిన్లు ఈ. కోలైని చంపవు, మూత్రనాళం గోడకు అది అతుక్కోకుండా అడ్డుకుంటాయి. 50 అధ్యయనాలను, 8,857 మందిని కలిపి వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో చేసిన సమీక్షలో, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలకు ఆ ముప్పు సుమారు 26 శాతం తగ్గినట్టు తేలింది. చంపదు కాబట్టి, తట్టుకునే బ్యాక్టీరియాను ఏరి పెంచే ఒత్తిడి కూడా తక్కువ. నాకు ఈ దారి మీద ఆశ ఎక్కువ. అయితే ఇది రాకుండా చూసుకోవడానికే, వచ్చిన ఇన్ఫెక్షన్‌ను తగ్గించడానికి కాదు. సీసాల్లో అమ్మే రసంలో చక్కెర ఉంటుంది కనుక షుగరు ఉన్నవారికి మంచిది కాదు. మన బజార్లలో ఎర్రరంగు వేసిన వాక్కాయలను ఆ పేరుతో అమ్మడం కూడా ఉంది. వాక్కాయ మంచి పండే, పప్పులోకి దాన్ని మించినది లేదు, కానీ అది వేరే మొక్క, క్రాన్‌బెర్రీ ఫలితాలను దానికి అంటగట్టకూడదు. ఇదే తరహాలో అతుకును ఆపుతుందని పేరుపొందిన డి-మానోస్ అనే చక్కెరను 598 మంది స్త్రీల మీద పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదని 2024లో తేలింది. సిద్ధాంతం ఎంత చక్కగా ఉన్నా, రోగుల మీద పరీక్షిస్తే గాని ఏదీ తేలదు.

యూరప్‌లో మూడు మూలికలతో చేసిన ఒక మాత్రను ఫాస్ఫోమైసిన్ అనే యాంటీబయోటిక్‌తో పోల్చి 659 మంది స్త్రీల మీద 2018లో ప్రచురించిన పరీక్ష కూడా చెప్పుకోదగ్గది. మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌లో మూలికలు వాడినవారిలో 83.5 శాతం మందికి, ఫాస్ఫోమైసిన్ వాడినవారిలో 89.8 శాతం మందికి తర్వాత అదనపు యాంటీబయోటిక్ అవసరం పడలేదు. మంచి ఫలితమే. కానీ ఆ పరీక్షలో చేర్చుకున్నది ఇతర జబ్బులేవీ చిక్కు పెట్టని స్త్రీలను. షుగరు ఉండి, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తున్న మీ అమ్మగారి వంటివారికి ఆ ఫలితం వర్తించదు. పైగా కిడ్నీ దాకా ఇన్ఫెక్షన్ పాకిన వారు, కొద్దిమందే అయినా, మూలికల వైపే ఎక్కువగా కనిపించారు.

ఇప్పుడు కషాయం వల్ల వచ్చే హాని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఉద్దానం పక్కనే ఉన్న మనకు కిడ్నీ చెడిపోవడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, పలాస వైపు డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం చేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి వ్యాధికి మూలికలే కారణమని నేను అనడం లేదు. కానీ కిడ్నీకి నేరుగా విషమయ్యే మొక్కలు మన నాటువైద్యంలో ఉన్నాయన్నది నిర్ధారణ అయిన సంగతి. పాముకాటుకని, కడుపునొప్పికని వాడే ఈశ్వరి వేరులో, గాడిదగడపాకులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. బెల్జియంలో 1990ల తొలినాళ్లలో బరువు తగ్గే మూలికా మాత్రల్లో ఈ ఆమ్లం ఉన్న మొక్క కలవడం వల్ల వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్ వచ్చింది. ఎవరో దంచి పొట్లం కట్టి ఇచ్చిన పొడిలో ఏ వేరు ఉందో మీకు తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. తిప్పతీగ విషయానికి వస్తే, కోవిడ్ రోజుల్లో దాన్ని రోజూ తాగినవారిలో కొందరికి కాలేయం వాచి కామెర్లు వచ్చినట్టు 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. మిరియాల కషాయంలోని పైపెరిన్, కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుంటుంది కాబట్టి, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ వంటి మందుల స్థాయి రక్తంలో పెరగవచ్చు. నేలవేము షుగరును కొంత దించే అవకాశం ఉంది. షుగరు మాత్రలు వేసుకునే మనిషికి దాన్ని జోడిస్తే ఎప్పుడు ఎంత పడిపోతుందో తెలియదు. చారులో మిరియాలు, కూరలో పసుపు మానమని దీని అర్థం కాదు. వంటలో పడే మోతాదు వేరు, మందని రోజూ గ్లాసులకు గ్లాసులు తాగడం వేరు.

‘మొక్కల మందుకు బ్యాక్టీరియా అలవాటు పడదు’ అన్న మాట కూడా నిజం కాదు. మలేరియాకు నేడు ప్రపంచమంతా ఆధారపడుతున్న ఆర్టెమిసినిన్ ఒక చైనా మూలిక నుంచి వచ్చినదే, దాన్ని వెలికితీసినందుకు తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ మందుకు మలేరియా క్రిమి లొంగకపోవడం కంబోడియాలో అప్పటికే బయటపడింది. ఇలా జరుగుతుందన్న భయంతోనే దాన్ని ఒంటరిగా ఇవ్వకూడదని, మరో మందుతో కలిపే ఇవ్వాలని నియమం పెట్టారు. మన్యంలో మలేరియా చూసిన వైద్యసిబ్బందికి ఇది బాగా తెలుసు. ఇక్కడా మొక్క పదార్థం నిలబడింది తోడుతోనే.

మీ చెల్లెలి ప్రాజెక్టు సంగతి. ఆకులు ఎండబెట్టి, ఇథనాల్‌లో నానబెట్టి, ఆ సారంలో ముంచిన కాగితపు డిస్కులను ప్లేటు మీద పెట్టి, చుట్టూ ఏర్పడిన ఖాళీని మిల్లీమీటర్లలో కొలిచి, పక్కన యాంటీబయోటిక్ ఖాళీతో పోల్చి ‘సమర్థంగా పనిచేస్తుంది’ అని రాసే ప్రాజెక్టులు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. అందులో ఇంకొకటి చేర్చవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ముడిసారం డిస్కులో ఎంత పదార్థం ఉందో తెలియదు, నూనె స్వభావం గలవి అగార్‌లో పాకవు, ఇథనాల్ పూర్తిగా ఆరకపోతే అదే బ్యాక్టీరియాను చంపుతుంది. కరక్కాయ వంటి వాటిలోని టానిన్లు కంటపడిన ప్రతి ప్రోటీనుకూ అతుక్కుంటాయి కాబట్టి ఏ పరీక్షలో పెట్టినా పనిచేసినట్టే కనిపిస్తాయి. టానిన్లను తొలగించి మళ్లీ పరీక్షించకుండా కరక్కాయ ఫలితాన్ని నేనైతే నమ్మను.

దానికి బదులు ప్రశ్నను ఇలా పెట్టుకోమనండి: ఈ పదార్థం ఉన్నప్పుడు, లొంగని బ్యాక్టీరియాకు ఈ యాంటీబయోటిక్ ఎంత తక్కువ సరిపోతోంది? దీనికి చెకర్‌బోర్డ్ పద్ధతి ఉంది. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులో అడ్డంగా యాంటీబయోటిక్‌ను, నిలువుగా మొక్క పదార్థాన్ని సగం సగం పలచన చేసుకుంటూ పోసి, అన్ని గుంటల్లో ఒకే సంఖ్యలో బ్యాక్టీరియా వేసి, మర్నాడు ఏ గుంటలో ద్రవం తేటగా ఉందో చూడాలి. ఉదాహరణకు యాంటీబయోటిక్ ఒక్కదానికే 64 మైక్రోగ్రాములు అవసరమై, కలిపినప్పుడు 8 సరిపోతే అది ఎనిమిదో వంతు, అంటే 0.125. మొక్క పదార్థానికి ఒంటరిగా 512 అవసరమై, కలిపినప్పుడు 64 సరిపోతే అదీ 0.125. రెండూ కలిపితే 0.25. ఈ మొత్తం 0.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే రెండింటికీ నిజమైన పొత్తు కుదిరిందంటారు. 0.5కూ 4కూ మధ్య వస్తే పొత్తు లేదనే రాయాలి, ‘పాక్షికంగా ఉంది’ అని సర్దుకోకూడదు. ముడిసారంతో కాక బయట కొనదగిన శుద్ధ పైపెరిన్‌తోనో బెర్బెరిన్‌తోనో మొదలుపెట్టి, పద్ధతి చేతికి వచ్చాక మన మొక్కల వైపు వెళ్లడం మంచిది. ఆసుపత్రి నుంచి మొండి బ్యాక్టీరియాను తెచ్చి మామూలు బల్ల మీద పెంచడం ప్రమాదం. ఏటీసీసీ 25922 ఈ. కోలై, ఏటీసీసీ 29213 స్టెఫైలోకాకస్ వంటి ప్రామాణిక రకాలతో పద్ధతిని సరిచూసుకుని, లొంగని రకాల పని వచ్చేసరికి బయోసేఫ్టీ క్యాబినెట్ (సూక్ష్మజీవులు గాలిలోకి రాకుండా ఆపే పెట్టె) ఉన్న వైద్యకళాశాల విభాగంతో కలిసి చేయాలి. సారాన్ని కరిగించిన ద్రవం మాత్రమే ఉన్న గుంటలు ప్రతి ప్లేటులోనూ ఉండి తీరాలి. తేలిన పదార్థం మనిషి కణాలను ఏ గాఢతలో చంపుతుందో కూడా చూడాలి. బ్యాక్టీరియానూ కణాన్నీ ఒకే గాఢతలో చంపేది మందు కాదు.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు పెద్దలను అడిగి మొక్కలు సేకరించాలని కూడా మీ చెల్లెలు అనుకుంటోందని రాశారు. అక్కడ గిరిజనుల దగ్గర పుండ్లకు, చీముగడ్డలకు వాడే మొక్కల పరిజ్ఞానం చాలా ఉంది, దాన్ని గౌరవించే పద్ధతి కూడా ఉంది. ఎందుకు అడుగుతున్నదీ వారి భాషలో వారికి అర్థమయ్యేలా చెప్పి, ముందుగా ఒప్పుదల తీసుకుని, ప్రాజెక్టు నివేదికలో వారి ఊరినీ సమూహాన్నీ వారు సమ్మతిస్తే పేర్కొనాలి. వ్యాపారం దాకా వెళ్లే అవకాశం ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం వారికి వాటా ఇవ్వవలసి ఉంటుంది. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ నుంచి మందు తయారైనప్పుడు వారికి ప్రతిఫలంలో భాగం ఇచ్చారు, అది సాధ్యమేనని అక్కడ తేలింది. తెచ్చిన ప్రతి మొక్కకూ పూత, కాయ ఉన్న కొమ్మను ఎండబెట్టి, వృక్షశాస్త్ర విభాగంలో గుర్తింపు చేయించి, నంబరు వేయించి హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట) పెట్టాలి. ఊరి పేరొక్కటే రాస్తే అది ఏ మొక్కో రేపు ఎవరికీ తేలదు.

మీ అమ్మగారి విషయంలో ఇప్పుడు చేయవలసినది ఇది. మంట, మాటిమాటికీ మూత్రం రావడం, పొత్తికడుపు నొప్పి వంటి బాధలు నిజంగా ఉన్నాయా అన్నది మొదట చూడాలి. ఏ బాధా లేకుండా కల్చర్‌లో మాత్రమే బ్యాక్టీరియా కనిపిస్తే, షుగరు ఉన్నవారికి కూడా సాధారణంగా యాంటీబయోటిక్ అవసరం లేదు. అనవసరంగా వాడిన ప్రతి కోర్సూ ఆ రిపోర్టులో ఇంకో ‘ఆర్’ను చేరుస్తుంది. బాధలు ఉంటే, రిపోర్టులో ‘ఎస్’ (లొంగుతుంది) అని ఉన్న నైట్రోఫ్యూరంటాయిన్, ఫాస్ఫోమైసిన్ రెండూ నోటి ద్వారా వేసుకునే పాత మందులే, మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు మంచివే. అయితే కిడ్నీ పనితీరు బాగా తగ్గితే నైట్రోఫ్యూరంటాయిన్ మూత్రంలోకి చాలినంత చేరదు కనుక, ముందుగా సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టరుకు చూపండి. అమికాసిన్ ఎదురుగా కూడా ‘ఎస్’ ఉంది కదా అని ఊళ్లో సూది వేయించవద్దు, కిడ్నీకి దెబ్బ తగిలే మందు అది. చలిజ్వరం, నడుముకు పక్కగా నొప్పి, వాంతులు, మగత వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందో తేల్చడానికి స్కానింగ్ చేయించి రాళ్లు ఉన్నాయా, మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగులుతోందో చూడమనండి. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు యోనిలో రాసే ఈస్ట్రోజన్ క్రీము ఈ ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుంది, అడగడానికి మొహమాటపడి చాలామంది దీన్ని వదులుకుంటున్నారు.

తర్వాతి కల్చర్‌కు మొదటి ధార వదిలేసి మధ్యధారను పట్టి, ల్యాబు ఇచ్చిన డబ్బాలో రెండు గంటల్లోపు చేర్చండి. రాజాం నుంచి బస్సులో ఎండలో తెచ్చిన నమూనాలో దారిలోనే బ్యాక్టీరియా పెరిగి, లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఆలస్యమయ్యేటట్టుంటే ఐసు పెట్టిన డబ్బాలో తీసుకురండి. ఇంతవరకు అమ్మగారు ఏయే కషాయాలు, పొడులు, చూర్ణాలు తీసుకున్నారో ఒక కాగితం మీద రాసి, ఆ పొట్లాలు కూడా వెంట తీసుకువెళ్లి డాక్టరు ముందు పెట్టండి.